ఆగినప్పుడు అదుపులో ఉండే బండి ఏది?

యాభై ఎనిమిదేళ్ల పాఠకుడొకరు చాలా పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆయన దగ్గర 1997 నాటి హోండా ఎస్‌టీ 1100 మోటారు సైకిల్ ఉంది. కొన్నప్పుడే అది సెకండ్ హ్యాండ్ బండి, ఇప్పుడు మీటరు 1,60,000 కిలోమీటర్లు దాటింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక భార్యాభర్తలిద్దరూ సెలవు దొరికినప్పుడల్లా దాని మీదే దూరప్రయాణాలు చేశారు. ఈమధ్య ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులోంచి నూనె కారుతోంది. చలి పొద్దుల్లో స్టార్టు కావడానికి మొరాయిస్తోంది. కొన్ని విడిభాగాలు వెతికినా దొరకడం లేదు. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. వీటన్నిటికీ తోడు, గత ఏడాది రెండుసార్లు బండి దాదాపు నిలబడ్డచోటే పక్కకు ఒరిగి పడిపోయింది. మొదటిసారి ఎత్తు మీద పార్కింగులోకి తిప్పుతున్నప్పుడు. రెండోసారి పెట్రోలు బంకులో, వెనక భార్య కూర్చుని ఉండగా. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు గానీ, ఆమె ఆ రోజు నుంచి బండి ఎక్కలేదు. "తేలికైనది కొనండి, లేదంటే ఈ ప్రయాణాలు ఇంక చాలిద్దాం" అన్నారట.

ఇప్పుడు ఆయన ముందు రెండు బండ్లున్నాయి. ఒకటి బాగా తెలిసినాయన 2007 ఎస్‌టీ 1300. తిరిగింది 18,000 కిలోమీటర్లే. యజమానికి ఒంట్లో బాగాలేక ఐదేళ్లుగా షెడ్డులోనే ఉంది. "నీకైతేనే ఇస్తాను" అని ఆయన అంటే, మన పాఠకుడు సగం మాట ఇచ్చేశారు. రెండోది ముక్కూమొహం తెలియని వ్యక్తి అమ్ముతున్న 2014 యమహా ఎఫ్‌జేఆర్ 1300. 70,000 కిలోమీటర్లు తిరిగింది, ప్రతి సర్వీసుకూ బిల్లుంది. ఒక మిత్రుడేమో బీఎండబ్ల్యూ ఆర్ 1200 ఆర్‌టీ తప్ప మరొకటి వద్దంటున్నారు. కొడుకు "ఇంత పెద్ద బండ్లు ఎందుకు నాన్నా" అంటున్నాడు. "పాత బండిని అమ్ముదామంటే చేతులు రావడం లేదు. ఏం చేయమంటారు?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీరు ఎస్‌టీ 1300 గురించి రెండు పేజీలు రాశారు. బండి పడిపోయిన సంగతిని మాత్రం నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. మీ శ్రీమతి అడుగుతున్నది ఆ నాలుగు వాక్యాల గురించే. అందుకే నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

రెండుసార్లూ జరిగింది ఒకటే అనిపిస్తోంది. నడక వేగంలో ఉన్నారు, హ్యాండిల్ తిప్పి ఉంది, ఎందుకో ఆగాల్సి వచ్చింది. బంకులో ఎదురుగా ఎవరో అడ్డం వస్తే ముందు బ్రేకు గట్టిగా పట్టానని మీరే రాశారు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి బరువంతా తిరిగిన వైపుకే తూలుతుంది. మూడు వందల కిలోల బండి, దాని మీద ఇద్దరు మనుషులు. ఒకసారి ఒరగడం మొదలయ్యాక ఏ కాలూ దాన్ని ఆపలేదు, ఇరవయ్యేళ్ల కుర్రాడి కాలైనా సరే. కాబట్టి "నాకు వయసైపోయింది" అన్న మీ మాటను ఇప్పుడే ఒప్పుకోను. నడక వేగంలో కాలి బ్రేకును మాత్రమే తేలిగ్గా తొక్కిపట్టి, క్లచ్‌ను సగం పట్టులో ఉంచి, హ్యాండిల్ నేరుగా అయ్యాక ఆగడం ఖాళీ స్థలంలో కొన్ని గంటలు సాధన చేస్తే వస్తుంది. మీకు వచ్చే ఉంటుంది కూడా. ఏళ్ల తరబడి పెద్ద రోడ్ల మీదే తిరిగేవాళ్లకు ఈ అలవాటు మెల్లగా జారిపోతుంది. ఏ బండి కొన్నా ఈ సాధన తప్పదు. అది లేకుండా కొత్త బండి కొంటే, పడేటప్పుడు విరిగే ఫెయిరింగు, అంటే బండి చుట్టూ ఉండే తొడుగు, మాత్రమే మారుతుంది.

మీ పాత బండిలో ఇంకొకటి చూడమని అడుగుతున్నాను. సెంటర్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా బరువు పెట్టమని ముందు చక్రాన్ని నేల నుంచి లేపండి. రెండు వేళ్లతో హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా కదపండి. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి చిన్న గుంటలో పడ్డట్టు ఆగి, కాస్త తోస్తే గానీ కదలకపోతే స్టీరింగ్ బేరింగులు అరిగిపోయాయన్నమాట. పెద్ద వేగంలో ఇది అంతగా తెలియదు. నడక వేగంలో మాత్రం బండి మీరు అనుకున్న వైపు తిరగకుండా ఒక్క క్షణం మొండికేస్తుంది. తూలడానికి ఆ ఒక్క క్షణం చాలు. 1,60,000 కిలోమీటర్ల బండిలో ఇది ఉంటే ఆశ్చర్యపోను. టైర్లలో గాలి తక్కువగా ఉన్నా ఇలాగే బరువుగా తోస్తుంది.

ఇక బరువు సంగతి. మీ ఎస్‌టీ 1100 నిండు ట్యాంకుతో 300 కిలోలు దాటుతుంది. అందులో 28 లీటర్ల పెట్రోలు ఉంటుందన్నది మర్చిపోకండి. దాని వారసుడిగా 2002లో వచ్చిన ఎస్‌టీ 1300 అంతకంటే తేలిక కాదు, నిండు ట్యాంకుతో 320 కిలోలు దాటుతుంది. మీ శ్రీమతి తేలికైన బండి అడిగారు. మీరు ఆమె ముందు ఇంకాస్త బరువైన బండిని పెట్టబోతున్నారు. సీటు ఎత్తు మూడు స్థాయిల్లో మార్చుకోవచ్చు గనుక కాళ్లు నేలకు బాగా ఆనుతాయి, అది నిజమైన మేలే. ఎస్‌టీ 1300 చాలా మంచి యంత్రం అన్నదీ నిజం. వేరే మనిషి రాసి ఉంటే బాగున్న బండి దొరికితే వదలొద్దనేవాణ్ని. మీ ఇబ్బంది మాత్రం నిలబడ్డచోట ఉంది. అదే వంశం, అదే కంపెనీ అన్నంత మాత్రాన అది తీరదు.

18,000 కిలోమీటర్లే తిరిగిందన్నది ఆ బండికి పెద్ద ఆకర్షణగా రాశారు. నన్నడిగితే భయపెట్టాల్సిన అంకె అదే. ఐదేళ్లు కదలని బండిలో పెట్రోలు జిగురుగా మారి పంపునూ ఇంజెక్టర్లనూ పట్టేస్తుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి దాన్ని మార్చమంటారు. హ్యాండిల్ దగ్గరున్న చిన్న డబ్బా కిటికీలోంచి చూడండి. లేత రంగులో ఉండాల్సిన ద్రవం ముదురు గోధుమ రంగులోకి మారి ఉంటే లోపల పిస్టన్లు కూడా బిగుసుకుని ఉండొచ్చు. ఎస్‌టీ 1300లో ముందు, వెనక బ్రేకులు ఒకదానికొకటి కలిపి ఉంటాయి. చేతి బ్రేకు పట్టినా, కాలి బ్రేకు తొక్కినా రెండు చక్రాల మీదా పనిచేస్తుంది. ఆ గొట్టాల అల్లికను శుభ్రం చేయడం తెలిసిన మెకానిక్ కావాలి. కూలెంట్ గొట్టాల్లో కొన్ని వీ ఆకారపు ఇంజను మధ్య లోయలో దాగి ఉంటాయి. అవి ఎండి పగిలితే, వాటిని చేరడానికి పైనున్నదంతా విప్పాలి. ఇక టైర్లు. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3517 అని ఉంటే 2017లో 35వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, అంత పాత టైరు గట్టిపడి తడి రోడ్డును పట్టదు.

ఇవన్నీ చేయించలేనివి కావు. చేయించాక ఆ చవక బండి చవకగా మిగలదు, అంతే. పైగా ఏబీఎస్ లేని ఎస్‌టీ 1300లు కూడా అమ్ముడయ్యాయి. ఆయన బండికి అది ఉందో లేదో మీరు రాయలేదు. ఏబీఎస్ లేదన్నది మీ పాత బండి మీద మీరే చేసిన ఫిర్యాదు గనుక ముందు అది చూసుకోండి.

ఎఫ్‌జేఆర్ విషయానికొస్తే, 70,000 కిలోమీటర్లు అని మీరు వెనకాడుతున్నారు. 1,60,000 నడిపిన మీరు ఆ అంకెకు జంకడం ఏమిటి? పద్ధతిగా నూనె మారుస్తూ, నెలకు నాలుగుసార్లు తిప్పిన ఇంజనుకు అది నడివయసు కూడా కాదు. నిండు ట్యాంకుతో 290 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మీ బండి కన్నా కొద్దిగా తేలిక. ఏబీఎస్ ఉంది. 2013 మార్పులతో వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, వేగాన్ని నిలకడగా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ కూడా వచ్చాయి గనుక 2014 బండిలో అవీ ఉంటాయి. వెనక చక్రానికి మీకు అలవాటైన షాఫ్టే, చైను బెడద లేదు. గేర్లు మాత్రం ఐదే, ఆరో గేరు 2016లో గానీ రాలేదు. దానికి మీరు బెంగపడక్కర్లేదు, మీ ఎస్‌టీ 1100కూ ఐదే కదా.

బిల్లులన్నీ ఉన్నాయన్నారు. అయితే వాటి బొత్తి మందాన్ని చూసి సంతోషపడకండి, ఒక్కొక్కటీ చదవండి. ఈ ఇంజనుకు వాల్వుల క్లియరెన్సు, అంటే వాటి దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ, 42,000 కిలోమీటర్లకోసారి చూడాలి. అంటే ఆ అంకెకు అటూఇటూగా ఒక బిల్లులో ఆ పని రాసి ఉండాలి. రాసి ఉంటే ఆ యజమాని సర్వీసు పుస్తకం తెరిచి చూసే మనిషి. నూనె మార్పులే తప్ప అది లేకపోతే, బిల్లులన్నీ ఉన్నా ముఖ్యమైన పని మిగిలిపోయినట్టే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. ఉందనుకుంటే తర్వాతిది 84,000 దగ్గర, మీ చేతిలో. బ్రేకు ద్రవం, వెనక షాఫ్టు పెట్టెలో నూనె, కూలెంట్ ఎప్పుడెప్పుడు మారాయో కూడా ఆ కాగితాల్లోనే వెతకండి.

చూడ్డానికి వెళ్లేముందు ఇంజను వేడి చేయొద్దని యజమానికి ఫోనులో చెప్పండి. వెళ్లగానే చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడగండి. చల్లటి ఇంజను తొలి పది క్షణాల్లో చేసే శబ్దం తర్వాత వినిపించదు. టైమింగ్ చైను గలగల ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఫోర్కు గొట్టాల మీద వేలు రాసి నూనె తడి చూడండి. డిస్కు మీద కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది, దానితో పోల్చి కొలవండి. ఇంజను నిమిషానికి ఐదు వేల చుట్ల దగ్గర ఉన్నప్పుడు బ్యాటరీ వద్ద 14 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. ఛాసిస్ మీది నంబరు, కాగితాల్లోది ఒకటేనా చూడటం, ఆ నంబరుతో రీకాల్ పనులేవైనా (లోపం బయటపడి కంపెనీ వెనక్కి పిలిచి చేసేవి) మిగిలాయా అని డీలరును అడగడం ఎలాగూ చేస్తారు. సైడు పెట్టెలకు తాళంచెవులు ఉన్నాయో లేదో చాలామంది ఇంటికొచ్చాక చూసుకుంటారు.

ఆర్ 1200 ఆర్‌టీ గురించి మీ మిత్రుడు చెప్పినదాంట్లో నిజముంది. సిలిండర్లు రెండు పక్కలకు, కిందుగా ఉంటాయి గనుక బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. మోడలును బట్టి 260 నుంచి 275 కిలోలు. చేతి బ్రేకు రెండు చక్రాలనూ పడుతుంది గానీ కాలి బ్రేకు వెనక చక్రానిదే. నడక వేగంలో మీకు కావలసింది సరిగ్గా అదే. ఎఫ్‌జేఆర్‌లో కాలి బ్రేకుతో ముందు చక్రానికీ కొంత పట్టు వెళుతుంది. అది మీకు ఇబ్బందా కాదా అన్నది నడిపితేనే తెలుస్తుంది. 2013 వరకు వచ్చిన ఆర్‌టీలకు వాల్వులు 10,000 కిలోమీటర్లకోసారి చూడాలి. పక్కకు పొడుచుకొచ్చిన సిలిండర్లు గనుక పని సులువే, ఓపిక ఉంటే మీరే నేర్చుకోవచ్చు. తొలి ఏళ్లవాటిలో మోటారు సాయంతో పనిచేసే బ్రేకులు ఉంటాయి, అవి చెడితే బాగుచేయించడం భారం. అందుకే వాటి జోలికి వెళ్లొద్దు. నీటితో చల్లబడే ఇంజనుతో వచ్చిన 2014 బండి అయితే, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉన్నవాటికి వెనక షాకు విషయంలో రీకాల్ జరిగింది. అది పూర్తయినట్టు కాగితం చూడండి. ఏ ఏడాది బండి అయినా సెంటర్ స్టాండు మీద వెనక చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటూఇటూ ఊపండి. లొడలొడలాడితే వెనక గేరుపెట్టె బేరింగు మీద అనుమానపడాలి. ఈ బండి అర్థమైన మెకానిక్ మీకు అందుబాటులో ఉంటేనే దీన్ని లెక్కలోకి తీసుకోండి.

మీ అబ్బాయి మాటను మీరు ఒక్క వాక్యంలో కొట్టిపారేశారు. నాకు అది తోసిపుచ్చాల్సిన మాటలా లేదు. బీఎండబ్ల్యూ ఎఫ్ 800 జీటీ 2013లో వచ్చింది, బరువు 213 కిలోలు, వెనక చక్రానికి బెల్టు. యమహా ట్రేసర్ 900 జీటీ కూడా ఇంచుమించు అంతే బరువు, దానికి చైను. మీ బండితో పోలిస్తే ఎనభై, తొంభై కిలోలు తక్కువ. కాస్త ఒరిగినప్పుడు కాలితో ఆపే అవకాశమైనా మిగిల్చే తేడా అది. ఇందులో పోయేవి కూడా ఉన్నాయి. పెద్ద ఫెయిరింగు వెనక గాలి తగలకుండా కూర్చునే సుఖం తగ్గుతుంది, ట్యాంకు చిన్నది, ఇద్దరూ సామానూ ఎక్కితే బండి తాను మోయగల బరువు హద్దుకు దగ్గరవుతుంది. రోజుకు ఆరేడు వందల కిలోమీటర్లు ఇప్పటికీ వెళుతున్నారా? లేక అది పదేళ్ల కిందటి మాటా? ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది, ఉత్తరంలో లేదు. రోజుకు రెండు మూడు వందలే అయితే తేలికైన బండే మీకు ఎక్కువ కాలం పనికొస్తుంది.

అందువల్ల వరుస మార్చమని నా సలహా. ముందు ఏ బండీ కొనకుండా సాధన చేయండి. తర్వాత వీటిలో రెండు రకాలను, ఒక బరువైనది, ఒక తేలికైనది, అద్దెకో డీలరు దగ్గరో నడిపి చూడండి. మొదట ఒక్కరే నడపండి. ఇంజను ఆపి, బండిని చేత్తో తోసి, వెనక్కి నడిపించి, మీ అంతట మీరే సెంటర్ స్టాండు ఎక్కించండి. అది చేతకాకపోతే ఆ బండి మీది కాదు, ఎంత బాగా పరుగెత్తినా సరే. ఆ తర్వాత, మీ శ్రీమతి ఒప్పుకుంటేనే, ఆమెను కూర్చోబెట్టి ఖాళీ పార్కింగులో నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పండి.

ఆమె గురించి ఇంకొంచెం. ఆమె "మానేద్దాం" అన్నది కోపంతో కాదని నాకనిపిస్తోంది. ఇన్నేళ్లు మీ వెనక కూర్చుని మీ చేతుల మీద నమ్మకం పెట్టుకున్న మనిషి, ఆ నమ్మకం ఉన్నట్టుండి ఊడిపడేసరికి భయపడ్డారు. పడిన రోజు ఆమెకు ఏమనిపించిందో మీరు అడిగినట్టు ఉత్తరంలో లేదు. అడగండి. వెనక ఉన్నవాళ్లకు బండి ఎటు ఒరుగుతుందో ముందు తెలియదు, కాలు పెట్టే వీలూ ఉండదు. ఎందుకు పడిందో, మీరు దానికి ఏం చేస్తున్నారో చెప్పండి. బంకుల్లో, ఎత్తు పల్లాల్లో ఆమె ముందే దిగిపోయే ఒప్పందం చేసుకున్నా తప్పేమీ లేదు. అవన్నీ విన్నాక కూడా వద్దంటే, ఆ మాటకు విలువ ఇచ్చి ఒక్కరే ప్రయాణాలు చేయాలి. అప్పుడు పెద్ద బండి అవసరమే ఉండదు, తేలికైనదే సరైనది.

షెడ్డులో బండి ఉన్న పెద్దాయనకు సగం మాట ఇచ్చానని మధనపడుతున్నారు. ఇంకా డబ్బు చేతులు మారలేదు. ఈ వారంలోనే వెళ్లి నేరుగా చెప్పండి: బరువు నాకు సరిపోదు, మా ఆవిడ భయపడుతోంది అని. ఆలస్యం చేస్తే ఆయన వేరేవాళ్లను వదులుకుంటారు, అప్పుడు నిజంగానే మాట తప్పినట్టవుతుంది. ఆ బండిని తిరిగి నడిచే స్థితికి తేవడానికి ఒక మంచి మెకానిక్‌ను చూపించి, దాన్ని కోరుకునేవాళ్లకు చేర్చడంలో సాయపడతానని కూడా అనండి. ఆయనకు డబ్బు కన్నా, బండి సరైన చేతుల్లోకి వెళ్లడం ముఖ్యమని మీ ఉత్తరం చదివితే అనిపించింది. ఒకవేళ సాధన చేశాక, బరువు భయం పూర్తిగా పోయి, మీ శ్రీమతీ సరేనంటే, పైన చెప్పిన మరమ్మతులన్నీ లెక్కవేసుకుని ఆ బండినే కొనే దారి అప్పటికీ మూసుకుపోదు. ఆ దారి పట్టినా తొలి ఏడాది ఖర్చుకు విడిగా డబ్బు పెట్టుకోవాలి.

నా మొగ్గు అడిగితే: ఇద్దరూ కలిసి దూరం వెళ్లేట్టయితే, వాల్వుల పని కాగితం కనిపిస్తే, ఎఫ్‌జేఆర్. మిగతా ఏ పరిస్థితిలోనైనా తేలికైనది.

మిగిలింది మీ ఎస్‌టీ 1100. ఉంచుకోవడంలో తప్పులేదు, కానీ ఎలా ఉంచుకుంటారన్నది ఇప్పుడే తేల్చండి. ఫోర్కు సీళ్లు, స్టీరింగ్ బేరింగులు, బ్రేకు గొట్టాలు మార్పించి, కార్బురేటర్లు శుభ్రం చేయించి, వారానికోసారైనా ఒక్కరే నడుపుతానంటే ఉంచండి. దాని వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులను తిప్పేది పళ్ల బెల్టు. చివరిసారి ఎప్పుడు మార్పించారో రాయలేదు, గుర్తులేకపోతే ముందు ఆ పని చేయించండి. అది నడుస్తుండగా తెగితే ఇంజనే పోవచ్చు. ఇవేవీ చేయకుండా గుడ్డ కప్పి మూల పెడితే, ఐదేళ్లకు అది కూడా ఆ షెడ్డులో బండిలాగే అవుతుంది. అమ్మాలనుకుంటే ఫోర్కు కారుతోందని, రెండుసార్లు పడిందని కొనేవాళ్లకు ముందే చెప్పండి. మీ దగ్గర పోగైన విడిభాగాలు, మరమ్మతు పుస్తకం, పాత బిల్లులు కూడా బండితో పాటే ఇచ్చేయండి. ఆ మోడలును ఇష్టపడి నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఆ విడిభాగాల పెట్టె బండి అంత విలువైనది.